గ్రాండ్‌పా గారికి ఒక మార్కు

1984 వేసవిలో నూజివీడులో జరిగిన ఏడో తరగతి కామన్ పరీక్షల వాల్యుయేషన్ క్యాంపుకి నన్ను ఇంగ్లీషు చీఫ్ ఎగ్జామినర్‌గా వేశారు. అప్పటికి ఆగిరిపల్లి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. నా కింద ఉన్న అసిస్టెంట్ ఎగ్జామినర్లు పేపర్లు దిద్దుతారు. వాటిలో కొన్ని నేను సరిచూడాలి. దిద్దాక మార్కు మారిస్తే పక్కన నా పొట్టి సంతకం తప్పనిసరి.

ఆ ఏడాది లేఖ ప్రశ్న, సెలవులకి మామిడితోటకి వస్తున్నానని తాతగారికి రాయడం. సంబోధనకి ఒక మార్కు. గ్రాండ్‌ఫాదర్, గ్రాండ్‌పా, గ్రాండ్‌డాడ్, ఏది రాసినా సరేనని మాకిచ్చిన 'కీ'లో ఉంది. ఆఖరి రోజు మధ్యాహ్నం కనకదుర్గ గారనే ఎగ్జామినరు ఒక పేపరు పట్టుకొచ్చారు. అందులో 'డియర్ గ్రాండ్‌పా గారు' అని ఉంది. ఇంగ్లీషులో గారు లేదు కనక ఆవిడ సున్నా వేశారు. తీరా మొత్తం కూడితే ఒక్క మార్కుతో తప్పుతోంది. పేపరు మీద కోడ్ నంబరే గాని పేరుండదు, ఆడపిల్లో మగపిల్లాడో కూడా తెలీదు.

ఇంగ్లండు పల్లెల్లో తాతని గ్రాంప్స్ అనీ, గాఫర్ అనీ, గ్రాండా అనీ పిలుస్తారని ట్రైనింగులో విన్నాను. మా పక్క ముసునూరులాంటి ఊళ్లో ఏ తాతగారి ముందైనా నిలబడి అనగలిగిన మాట వాటిలో ఒక్కటీ లేదు. ఇది రాసిందెవరోగాని, ఆ లోటు గారుతో పూడ్చుకున్నారు. మార్కు ఇవ్వాలన్నాను.

క్యాంపు ఆఫీసరు వద్దనలేదు. "ఇవ్వండి మాస్టారూ. కానీ ఒక్కదానికే ఇస్తే కుదరదు. ఇలాగే రాసినవాళ్లు ఇంకెవరున్నారో చూడ్డానికి సీలేసిన కట్టలన్నీ విప్పాలి," అన్నారు.

గుమ్మం దగ్గర అందరి సంచులూ, మామిడిపళ్ల బుట్టలూ సిద్ధంగా ఉన్నాయి. మాలో పెద్దాయన సత్యనారాయణ గారు, "అడుసు తొక్కనేల, కాలు కడగనేలండీ? ఇంగ్లీషంటే ఇంగ్లీషే," అని విసుక్కున్నారు. నాకూ బస్సు మీదే ధ్యాస ఉంది. అయినా విప్పించాను.

గారు ఆ ఒక్క పేపరులోనే లేదు. కట్టకట్టకీ తగిలింది. అందరికంటే ఎక్కువ సున్నాలు వేసింది సత్యనారాయణ గారే. కనకదుర్గ గారు తల ఎత్తకుండానే, "మీ మనవడు మిమ్మల్ని ఏమని పిలుస్తాడండీ?" అని అడిగారు.

"తాతగారూ అనే. గారు లేకపోతే అన్నం దగ్గర్నుంచి లేపేస్తాను," అన్నారాయన. ఆ మాట నోట్లో ఉండగానే ఎర్రపెన్ను తీసి తన సున్నాలు తనే కొట్టేసి, ఒక్కొక్కటీ నా సంతకానికి జరిపారు. ఆ కట్టల్లో అలా గట్టెక్కినవాళ్లు ఇంకొందరున్నారు. విప్పకపోతే వాళ్లున్నారనే మాకు తెలిసేది కాదు.

ఆఖరి బస్సు తప్పిపోయింది. అందరం ఆ స్కూలు వరండాలోనే పడుకున్నాం.

ఆ తర్వాత చాలా క్యాంపులు చేశాను. కట్టలన్నీ విప్పే ఓపిక లేనివాడు ఒక్క పేపరు మీద జాలి పడకూడదని అక్కడే నేర్చుకున్నాను.