ఉరికిన డోలక్

మహబూబాబాద్ దగ్గరి తండాలో మోతీలాల్‌ను డోలక్ మోతీ అనేవారు. పొద్దంతా మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు, పొద్దుగూకాక భజన మండలిలో డోలక్ వాయించేవాడు. బస్తాలు మోసి మొద్దుబారిన ఆ వేళ్లు తోలు మీద పడ్డాయంటే చెప్పినట్టు వినేవి. తీజ్ పండుగ వచ్చిందంటే చుట్టుపక్కల తండాల నుంచి అతని కోసమే కబురు వచ్చేది. తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకున్న రోజుల్లో దేవరుప్పుల దర్జీ ఎల్లస్వామి ఊరూరా ఆటపాటలు కట్టే ఒక ధూంధాం దళం కట్టాడు. డోలక్‌కు మొట్టమొదట పిలిచింది మోతీలాల్‌నే.

అతని భార్య కమ్లి స్టేజీ ఎక్కడం మాత్రం అనుకోకుండా జరిగింది. జనగామ సభలో పాడవలసిన మనిషి జ్వరంతో రాలేకపోయింది. ఎల్లస్వామి తల పట్టుకుని కూర్చుంటే, మా ఇంటామె నాట్లేసేటప్పుడు మంచిగ పాడుతదని మోతీలాలే చెప్పాడు. వెనక్కి వెనక్కి పోతున్న ఆమెను రెక్క పట్టి మైకు ముందు నిలబెట్టింది కూడా అతనే. కూలికి పుణె పోయి తిరిగి రాని తమ్ముడి మీద ఆమె సగం తెలుగులో, సగం తండా భాషలో పాడింది. పాట అయిపోయాక లేచిన చప్పట్లకు షామియానా ఊగింది. ఆ రోజు మోతీలాల్ కన్నా ఎక్కువ సంబరపడ్డవాడు లేడు. బస్టాండు దగ్గర ఆమెకు చేతినిండా గాజులు వేయించి తీసుకుపోయాడు.

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. దళం జీపు ఊళ్లోకి రాగానే ఆడవాళ్లు కమ్లి చుట్టూ మూగేవారు, చంటిపిల్లలను ఆమె చేతికిచ్చేవారు. మోతీలాల్ డోలక్ భుజాన వేసుకుని పక్కన నిలబడేవాడు. ఒక ఊళ్లో ముసలవ్వ ఎవరో అతన్ని చూపించి ఈ పిలగాడెవరని అడిగితే, కమ్లక్క పెనిమిటి అని చెప్పారు. అతను నవ్వేశాడు. ఆ మాట మాత్రం చేపముల్లులా గొంతులో ఇరుక్కుంది. ఇంకో ఊళ్లో పెద్దమనుషులు ఆమెకు శాలువా కప్పారు. అది ఉత్త నైలాన్‌దని, రెండు ఉతుకులకు పీలికలవుతుందని ఇంటికి వచ్చేదాకా సణుగుతూనే ఉన్నాడు. మైకు ఎంత దూరంలో పెట్టుకోవాలో కూడా తెలియని మనిషికి నేనే కదా నేర్పింది అని రోజుకొకసారైనా తనలో తాను అనుకునేవాడు.

అప్పటిదాకా స్టేజీ ఎక్కేముందు అతను తాగింది ఒక అల్లం చాయ్, అంతే. కాటారంలో ఆ పద్ధతి తప్పింది. నాయకులు ఆలస్యమయ్యారు. స్టేజీ వెనక కొందరు గుడుంబా సారా పట్టుకుని కూర్చుని, కళాకారుడు ముట్టకపోతే ఎట్లా అని ఒక గ్లాసు అందించారు. స్టేజీ మీద కమ్లికి వేసిన కుర్చీ వైపు ఒకసారి చూసి, గ్లాసు ఎత్తి తాగేశాడు. ఆ పూట వేళ్లు దూదిలా తేలికయ్యాయి. జనం ఎగిరి గంతులేశారు. అన్నిటికన్నా వింత, కమ్లికి పడిన చప్పట్లు అతన్ని గుచ్చలేదు. అవన్నీ తనకే పడుతున్నాయనిపించింది.

అది మొదలు, చుక్క పడందే డోలక్ ముట్టుకునేవాడు కాదు. దరువు ఉరుకుతున్నదని, తనకు దమ్ము అందడం లేదని కమ్లి ఒకటి రెండుసార్లు చెప్పి చూసింది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది తండా భాషే, కోపం వస్తే మాత్రం మోతీలాల్ తెలుగులోకి దిగేవాడు.

"నేను ఉరుకుతలేను. నువ్వే మెల్లగైనవ్. శాలువాలు బరువైనట్టున్నయ్" అన్నాడు.

ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

దేవరుప్పుల ఎల్లస్వామి సొంతూరు కాబట్టి అక్కడి సభ జాతరలా జరిగింది. మోతీలాల్ ఆ రోజు రోజూకన్నా ఎక్కువే తాగాడు. పుణె తమ్ముడి పాట సగంలోకి వచ్చేసరికి కమ్లికి ఊపిరి తీసుకునే సందు దొరకలేదు. ఎత్తుకోవలసిన చోట గొంతు తెగింది, దగ్గు వచ్చింది. ఆమె మైకు నుంచి పక్కకు తిరిగి నీళ్లు తాగుతుంటే జనం అయ్యో అన్నారు. మోతీలాల్ ఆగలేదు. ఆ ఖాళీలో ఒంటరిగా డోలక్ మోగించాడు. ముందు వరుసలో కొందరు ఈలలు వేశారు. అవి తనకేనని అతను మురిసిపోయాడు. తన పెండ్లాం అంతమంది ముందు గొంతు పోయి నిలబడితే సంతోషమేమిటని ఒక్క క్షణం అనిపించింది గానీ ఆ ఆలోచన మత్తులో కలిసిపోయింది. తన జీవితంలో ఇంత బాగా ఎన్నడూ వాయించలేదన్న నమ్మకంతో ఇల్లు చేరాడు.

రెండు రోజుల తర్వాత యార్డు పక్క చాయ్ హోటల్లో కొత్తగా పనిలోకి వచ్చిన హమాలీ లక్ష్మా తన ఫోన్ తీశాడు. దేవరుప్పుల సభ పాటలను ఎవరో అందులో ఎక్కించారట. నలుగురూ చుట్టూ చేరారు. మోతీలాల్ కూడా మెడ చాచాడు, తన దరువు వినడానికి. కమ్లి గొంతు వచ్చింది, దాని వెనక డోలక్ వచ్చింది.

"పాట మంచిగుంది గని, డోలక్ ఎవరిదో ఏందో, దొంగలు ఎంటబడ్డట్టు ఉరుకుతున్నది" అన్నాడు లక్ష్మా. ఆ డోలక్ ఎవరిదో అతనికి నిజంగానే తెలియదు.

మోతీలాల్ ఫోన్ అడిగి తీసుకుని బయట బస్తాల చాటుకు పోయాడు. చెవికి ఆనించుకుని మొదటి నుంచి విన్నాడు. ఎడ్లు బెదిరిన నాగలిలా దరువు ఎటో పోతోంది. కమ్లి దాని వెనక పరుగెత్తి పరుగెత్తి అలసిపోతోంది. తాను గొప్పగా మోగించాననుకున్న ఆ ఒంటరి ముక్కలో రెండుచోట్ల దెబ్బ తప్పింది. అది తన చెయ్యేనా అని ఇంకోసారి విన్నాడు. తన చెయ్యే.

ఆ రోజు నుంచి స్టేజీకి ముందు గుడుంబా మానేశాడు. కానీ చేతులు ఊరుకోలేదు, ఆకులా వణికేవి. వణుకు తగ్గుతుందని గ్లాసు మీద గ్లాసు చిక్కటి చాయ్ తాగేవాడు. దాంతో గుండె దడ మొదలై వణుకు ఇంకా పెరిగేది. మహబూబాబాద్ సభలో దరువు పట్టు తప్పి పాట రెండుసార్లు ఆగిపోయింది. ఎల్లస్వామి పక్కకు పిలిచి, కొన్నాళ్లు ఆరాం తీసుకోమని మెత్తగానే చెప్పాడు. అతని చోటికి చిట్యాల కాటమయ్యను తెచ్చుకున్నారు. కాటమయ్య మోతీలాల్ కన్నా పదేళ్లు పెద్దవాడు, డప్పు, డోలక్ రెండూ తెలిసినవాడు.

ఇంట్లో కూర్చోలేక మోతీలాల్ జనగామలో సభకు పోయి జనంలో కూర్చున్నాడు. కమ్లి గొంతు ఇదివరకటి కన్నా ఎత్తుకు పోతోంది. దరువు ఆమె కింద పరిచిన చాపలా ఉంది. పరాయి చెయ్యి మీద తన భార్య పాట అంత హాయిగా నిలబడడం చూసి అతని ఒళ్లు మండింది. దానికితోడు కాటమయ్య చూపు కమ్లి మెడ మీద నుంచి కదలడం లేదు. పాట మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా అక్కడే ఉంది. సభ ముగియగానే మోతీలాల్ పోయి, నలుగురూ చూస్తుండగా అతని అంగీ పట్టుకున్నాడు. నా పెండ్లాన్ని ఎందుకు చూస్తున్నవని అడిగాడు.

కాటమయ్య అంగీ విడిపించుకోలేదు.

"మెడకాడ గుంట చూస్తున్న తమ్మీ. దమ్ము పట్టేటప్పుడు అది లోపలికి పోతది. గప్పుడు నేను జరంత ఆగుత. నువ్వు కొట్టేటప్పుడు ఎటు చూస్తవ్?"

మోతీలాల్ ఎప్పుడూ చూసింది జనాన్ని. ఎవరు ఊగుతున్నారు, ఎవరు తన వైపు చూస్తున్నారు అన్నదే. అంగీ వదిలేశాడు గానీ ఆ పూట కాటమయ్య మీద అసూయ ఇంకా పెరిగింది. పెండ్లయి ఇన్నేళ్లయినా తాను చూడని గుంట ఆ ముసలాడికి ఎట్లా కనబడింది?

అప్పటికే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు నిలిచాయి, బొగ్గు బావులు నిలిచాయి. భూపాలపల్లిలో కార్మికుల దీక్షా శిబిరానికి దళాన్ని రమ్మన్నారు. కమ్లి పట్టుబట్టి మోతీలాల్‌నూ జీపు ఎక్కించింది. తీరా పోతే కాటమయ్య రాలేదు. చుట్టాలింటికి కాటారం పోయి, బస్సులు లేక అక్కడే చిక్కుకుపోయాడు. ఉత్త చప్పట్లతో పాడదామని ఎల్లస్వామి అంటుంటే, మా ఆయన కొడతడని కమ్లి అన్నది.

మోతీలాల్ తన రెండు చేతులు ఆమె ముందు చాపాడు. అవి వణుకుతున్నాయి.

"తాగితే ఉరుకుతయి. తాగకపోతే గిట్ల వణుకుతయి. నీకు ఏది కావాలె?" అన్నాడు తెలుగులో.

కమ్లి కూడా ఎల్లస్వామికి వినబడేటట్టు తెలుగులోనే బదులిచ్చింది.

"వణికేటివే కావాలె. వణికేదాన్ని పట్టుకొనైనా పాడుత. ఉరికేదాన్ని నేను అందుకోలేను."

మిట్టమధ్యాహ్నం ఎండలో, గనుల బట్టలతోనే కూర్చున్న కార్మికుల ముందు ఆమె పాట ఎత్తుకుంది. మోతీలాల్ అలంకారాలన్నీ వదిలేసి వట్టి దరువు పట్టాడు. మొదట్లో రెండు దెబ్బలు తప్పాయి. జనం వైపు పోతున్న కళ్లను బలవంతంగా తిప్పి ఆమె మెడ మీద నిలిపాడు. గుంట లోపలికి పోయింది. ఆగాడు. ఆమె ఎత్తుకున్నాక మళ్లీ అందుకున్నాడు. చరణాలు గడిచేకొద్దీ వణుకు సంగతే మరిచిపోయాడు. పాట ముగిశాక చప్పట్లన్నీ కమ్లికే పడ్డాయి. అతనికి కష్టంగానే అనిపించింది. అయినా డోలక్ దించలేదు. రెండో పాటకు ఆమె ఎప్పుడు ఊపిరి తీసుకుంటుందా అని చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత అతను పూర్తిగా మారిపోయాడని తండాలో ఎవరూ అనరు. పెండ్లిళ్లకూ పండుగలకూ తాగిన పూటలున్నాయి, ఆ పూట డోలక్ ముట్టుకునేవాడు కాదు. కాటమయ్యతో చాలా రోజులు మాట్లాడలేదు. చివరికి తానే పోయి, డప్పు పక్కన డోలక్ ఎట్లా నిలపాలో అడిగి నేర్చుకున్నాడు. అసూయ పోయిందా అంటే పోలేదు. కమ్లిని ఎవరైనా మరీ పొగిడితే ఇప్పటికీ లేచి అవతలికి పోతాడు.

రాష్ట్రం వచ్చిన రోజు తండాలో పొద్దున్నే సీసాలు తెరిచారు. మోతీలాల్ ఒక అల్లం చాయ్ తాగి డోలక్ మెడకు తగిలించుకున్నాడు. పాడమని ఎందరు అడిగినా కమ్లి ఆ రోజు పాడలేదు, ఆడవాళ్లతో కలిసి చెయ్యి చెయ్యి పట్టుకుని ఆడింది. మోతీలాల్ ఆమె పాదాలు చూస్తూ, అవి నేలకు తాకిన చోటల్లా దెబ్బ వేస్తూ, ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా కొట్టాడు.