కొండ ఉన్న దిక్కే ఉత్తరం

ఇరవై రెండేళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి, చివరికి ఇంగ్లీషు పరీక్షలోనే బోల్తాపడిన మనిషిని నేను. అదీ పెద్ద వ్యాసంలో కాదు, ఒక బొమ్మలో. తప్పు బొమ్మది కాదు. దాన్ని చూసిన నా బుర్రది.

విదేశాలకు పోదలచినవాళ్లు రాసే పరీక్ష అది. అందులో ఒక్కోసారి ఒకే ఊరి పటాలు రెండు ఇస్తారు, అప్పటిది ఒకటి, ఇప్పటిది ఒకటి. ఏమేమి మారిందో ఇరవై నిమిషాల్లో నూటయాభై మాటలు రాయాలి. నాకు విదేశం పోయే ఆలోచన ఏమీ లేదు. ఆ పరీక్షకు నర్సులను తయారుచేసే కోచింగ్ సెంటరు ఒకటి తిరుపతిలో నాకు ఉద్యోగం ఇస్తానంది. ఒకటే షరతు, రాతలో నాకు తొమ్మిదికి ఏడు రావాలి. ఏడేగా అని నవ్వి, బడిలో రాజీనామా ఇచ్చేసి మరీ పరీక్షకు పోయాను. ఐదున్నర వచ్చింది. ఏడు కోసం పోయినవాడికి ఏడుపొచ్చింది.

సెంటరు యజమాని మర్యాదస్తుడు. "సార్, మీరు నేర్పే పరీక్షలో మీకే ఏడు రాకపోతే పిల్లోళ్లకు ఏం జెప్పేది? ఇంకొక్క తూరి రాయండి. అప్పుడూ రాలేదంటే, ఏమనుకోవద్దండి, వేరే ఆయన్ను సూసుకుంటా" అన్నాడు. బడిలో నా కుర్చీలో అప్పటికే ఇంకొకరు కూర్చున్నారు.

మా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. వాళ్ల నాయనకు ఫోను చేసింది. దానికంటే నాలుగు మాటలు అనడమే మేలు.

మా మామ పుత్తూరులో దస్తావేజుల రైటరు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల పంచ కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, నలభై ఏళ్ల అనుభవం, ఇంతే ఆయన ఆఫీసు. ఇంగ్లీషులో ఆయనకు వచ్చింది సంతకం ఒక్కటే. నేను పోయేసరికి ఎవరిదో ఆస్తి భాగపరిష్కారం రాస్తున్నాడు. తల ఎత్తకుండానే, "ఏమబ్బా, నీకు ఇచ్చిన పటం గీసి సూపించు" అన్నాడు.

గుర్తున్నంతవరకు గీశాను. చిన్న ఊరు, కాగితం అడుగున ఒక కొండ, కొండకు కిందనే సముద్రం, మూలన ఉత్తరం చూపించే బాణం. నేను రాసినదాన్ని తెలుగులో చెప్పాను. ఉత్తరాన కొండ ఉంది, కొండకు దక్షిణాన హోటలు వచ్చింది...

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "బాణం పైకి ఉండాది. కొండ కింద ఉండాది. మరి కొండ ఉత్తరాన యాడుండాదబ్బా?"

అప్పుడు తెలిసింది. ఊరికి ఉత్తరాన తిరుమల కొండ ఉన్న తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి కొండ కనబడితే అటు ఉత్తరమే. ఆటో అతనికి కొండపక్కకు తిప్పమంటాం. అద్దెకు ఇల్లు చూస్తే వాకిలి కొండ తట్టుకు ఉందా అని అడుగుతాం. ఆ అలవాటుతో ఎవరిదో దేశంలోని ఎవరిదో కొండను కూడా ఉత్తరానికి లాక్కొచ్చి, దాని వెంట ఊరంతా తిరగేశాను. నా లెక్కన కట్టిన హోటలు తిన్నగా సముద్రంలో పడింది. అది చాలదన్నట్టు, నరికేసిన చెట్ల కోసం చివర రెండు వాక్యాలు కన్నీరు కూడా కార్చాను.

మామ నవ్వలేదు. పక్క బల్ల రైటరును పిలిచి, "ఇదిగోప్పా, మా ఉత్తరం అల్లుడు" అని పరిచయం చేశాడు. ఆ సాయంత్రానికి ఆ పేరు మా ఆవిడ తరఫు చుట్టాలందరికీ చేరింది. ఉత్తరమన్నాక చేరకుండా ఉంటుందా!

మరునాడు నా ముందు రెండు పాత దస్తావేజుల నకళ్లు పెట్టాడు. రెండూ ఒకే నేలవి. నడుమ ముప్పై ఏళ్లు. "సెక్కుబందీ సదువు" అన్నాడు. చెక్కుబందీ అంటే నేలకు నాలుగు పక్కలా ఉండే హద్దులు. పాతదాంట్లో తూర్పున నీళ్లు పారే వంక, దక్షిణాన మామిడి తోపు, పడమర బండి బాట, ఉత్తరాన పోరంబోకు. కొత్తదాంట్లో తూర్పున వంక, దక్షిణాన కల్యాణ మండపం, పడమర తారు రోడ్డు, ఉత్తరాన పెట్రోలు బంకు.

రెండింటినీ పక్కపక్కన పెట్టుకున్నాను. నలభై ఏళ్లుగా ఈయన రాస్తున్నది నేను తప్పిన ప్రశ్నకే జవాబు. దీన్ని నేర్పడానికే నేను కోచింగ్ సెంటరుకు పోతానంటున్నాను.

"ముందు మారనిదాన్ని పట్టుకో. వంక ఆడనే ఉండాది సూడు. దాన్ని పట్టుకుంటేనే మారింది కనబడతాది" అన్నాడు. "ఇంకోటి. అమ్మేవాడు ఏడస్తా ఉంటాడు, కొనేవాడు నగతా ఉంటాడు. నేను ఇద్దురినీ సూస్తా. కాయితంలో మాత్రం నాలుగు హద్దులే రాస్తా. సెట్ల కోసం ఏడవాలంటే ఇంటికి పొయ్యి ఏడువు."

నెల రోజులు పొద్దున్నే పుత్తూరు బస్సెక్కాను. ఆ ఊళ్లో విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాళ్లకు పేరు. నా విరిగిన ఇంగ్లీషుకు కట్టు కట్టింది మాత్రం ఇంగ్లీషు రాని ఈ మనిషి. నేను ఇంగ్లీషులో రాసి తెలుగులో చెప్పేవాణ్ని. ఆయన కళ్లు మూసుకుని వింటూ వేలితో బల్ల మీద హద్దులు గీసుకునేవాడు. గీత ఎక్కడ కలవకపోతే అక్కడ నా తప్పు. ఒక్కసారి కూడా ఆయన వేలు తప్పలేదు.

ఒకనాడు, "తోటను తీసివేసి కార్ల స్టాండుగా మార్చడమైనది" అని చదివాను.

"ఎవురు మార్చినారు?"

"తెలీదు మామా. ఇంగ్లీషులో అట్లే రాస్తారు, చేసినవాళ్ల పేరు చెప్పరు."

కళ్లు తెరిచాడు. "మంచి భాషబ్బా. ఎవురి మీదా కేసు పడదు."

రెండోసారి పరీక్షలో ఒక నది, రెండు వంతెనలు, ఏదో ఫ్యాక్టరీ వచ్చాయి. పెన్ను మూత తీయకముందే బాణం ఎక్కడుందో వెతికాను. నది మారలేదు. దాన్ని పట్టుకున్నాను. రాసింది తప్పా ఒప్పా అని చూసుకోవడానికి బల్ల మీద వేలితో గీస్తుంటే, కాపలా మేడమ్ రెండుసార్లు వచ్చి నా చేతిలో ఏముందో చూసిపోయింది.

ఏడు వచ్చింది. ఇప్పుడు సెంటరులో పటాల పాఠం నాదే. మొదటిరోజే ఆ రెండు నకళ్లు తీస్తాను, పేర్లు మూసిపెట్టి. నర్సమ్మలు మొదట నవ్వుతారు. తరువాత వాళ్ల ఊళ్ల హద్దులు వాళ్లే చెప్పడం మొదలుపెడతారు.

ఇంత చేసినా నా పేరు మారలేదు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో నేను ఉత్తరం అల్లుణ్నే.

మొన్న వానాకాలంలో మేము ఇల్లు మారాం. చూడటానికి మామ తిరుపతి వచ్చాడు. బస్టాండులో దిగి ఫోను చేశాడు. దారి ఎవరినైనా అడగడం ఆయన వృత్తికే నామోషీ.

"సెక్కుబందీ సెప్పబ్బా, వచ్చేస్తా."

చెప్పాను. బస్టాండుకు ఉత్తరాన రెండో వీధి, తూర్పున మందుల షాపు, పడమర టిఫిన్ సెంటరు, నడుమ పచ్చ గేటు.

కాసేపటికి మళ్లీ ఫోను మోగింది. గొంతు కొంచెం తగ్గింది. "మబ్బు మూసుకోని ఉండాదబ్బా. పొద్దు యాడుండాడో తెలీలేదు. తూర్పేదో పడమరేదో..."

ఈ ఒక్క క్షణం కోసం నేను ఎంత కాలంగా కాచుకుని ఉన్నానో మా ఆవిడకు తెలుసు. పక్కనే నిలబడి, వద్దు వద్దని చేత్తో సైగ చేస్తోంది.

"మామా," అన్నాను నిదానంగా, "తల ఎత్తి కొండ యాడుండాదో సూడండి. అదే ఉత్తరం."