అమ్మ కోట ఎక్కిన రోజు

మొన్న శనివారం కేంబ్రిడ్జ్‌లో మా ఫ్లాట్ కింద లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే ఇంగువ పోపు వాసన గుప్పుమంది. పై అంతస్తులో కొత్తగా దిగిన తెలుగు స్టూడెంట్లెవరో పులిహోర పట్టుకెళ్ళినట్టున్నారు; మనుషులు లేరు గానీ వాసన మాత్రం నాలుగో అంతస్తు దాకా నాతోనే వచ్చింది. ఆ వాసనకి ఎవరికైనా పండగో పెళ్ళో గుర్తుకొస్తుంది, నాకేమో కోటలు గుర్తుకొస్తాయి. నవ్వకండి, నిజంగానే.

చిన్నప్పుడు మేము ఇంగ్లండులోనే, క్రోయిడన్‌లో ఉండేవాళ్ళం. నాన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమ్మ ఆస్పత్రిలో నర్సు, వాళ్ళకి నేనొక్కదాన్నే. అమ్మ డ్యూటీ రోటాలో ఆదివారం సెలవు పడిందంటే చాలు, నాన్న ఏదో ఒక కోట వెతికి పెట్టేవారు. అమ్మ పొద్దున్నే లేచి పులిహోర కలిపి ఫాయిల్లో పొట్లాలు కట్టి, ఐస్‌క్రీమ్ డబ్బాలో పెరుగన్నం, చిన్న సీసాలో మాగాయ, జంతికలు, ఫ్లాస్కులో టీ, నాకో స్వెట్టరు, అది తడిస్తే ఇంకో స్వెట్టరు, ఇవన్నీ ఒక ఎర్ర సంచిలో కుక్కేసరికి దాని జిప్పు పట్టేది కాదు. వేసవిలో కోసిన గడ్డి వాసన, అక్టోబరులో కుళ్ళిన ఆకుల వాసన, ఏడాది పొడుగునా రాతిగోడల పాచి వాసన, వాటన్నిటి మీదా మా పులిహోర ఘుమఘుమ.

కోట చేరగానే అమ్మ ఒక బెంచీ చూసుకుని కూర్చునేది. మీరు వెళ్ళి రండి, నేను సంచి దగ్గర ఉంటాననేది. సామాన్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలన్నది మావాళ్ళలో ఎవరూ రాసిపెట్టని చట్టం. రైల్వే స్టేషన్లో, పెళ్ళివారి విడిదిలో, సముద్రం ఒడ్డున, ఎక్కడైనా అంతే. మా ఇంట్లో ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ అమ్మే. నేనూ నాన్నా మెట్ల మీద పరుగు పందెం వేసుకునేవాళ్ళం. ఒకసారి జోరువానలో మేము బురుజులన్నీ తిరిగి వచ్చేసరికి అమ్మ ఒక చెట్టు కింద సంచిని కోటులో దాచుకుని నిలబడి ఉంది. సంచి తడవలేదు, అమ్మ ముద్దయిపోయింది. ఆ రోజు నాకు భలే కోపం వచ్చింది, ఎవరి మీదో మాత్రం తేల్చుకోలేకపోయాను.

నాకు పదేళ్ళప్పుడు ఆఫీసువాళ్ళు నాన్నని రెండు నెలలు జపాన్ పంపించారు. ఈస్టర్ సెలవులకి నేనూ అమ్మా కూడా వెళ్ళాం. తిరుగు ప్రయాణానికి ముందు రోజు హిమేజీ కోట. స్టేషన్ బయటికి రాగానే తిన్నటి వీధి, ఆ వీధి చివర ఆకాశంలోకి లేచి తెల్లగా, అంతస్తు మీద అంతస్తుగా కోట! ఇంగ్లండులో నేనెక్కినవి చాలావరకు కప్పు ఎగిరిపోయి గోడలు మిగిలినవే, ఇది మాత్రం నిన్ననే సున్నం వేసినట్టు మెరిసిపోతోంది. కందకం నీళ్ళ మీద చెర్రీ పూలరేకులు తెట్టు కట్టి ఉన్నాయి. నాకు ఒళ్ళంతా గంతులే. అక్కడే మనసులో పంతం పట్టాను, ఈ కోట అమ్మ ఎక్కాల్సిందేనని. రేపే విమానం, మళ్ళీ ఈ జన్మలో వస్తామో రామో, పైగా నాలుగు దాటితే లోపలికి పంపరు.

ముందు పక్కనే ఉన్న తోటలు చూశాం. ఒక గోడ దాటితే ఒక తోట, ఇంకో గోడ దాటితే ఇంకో తోట, ఒకదాంట్లో చెరువు, ఒకదాంట్లో వెదుళ్ళు, ఒకదాంట్లో నాచు తివాచీ. చెరువులో ఎర్రవీ తెల్లవీ చేపలు నా చెయ్యంత ఉన్నాయి. ఒక ముసలాయన నిచ్చెనెక్కి దేవదారు చెట్టుకి ఎండిన ఆకులు ఒక్కొక్కటే చేత్తో తీస్తున్నాడు, ఆయన ఓపికకి అమ్మ మురిసిపోయి, అక్కడే బెంచీ చూసుకుని చతికిలపడింది. అప్పటికే మూడు కావస్తోంది. ఈ దేశంలో సంచి ఎవరూ ఎత్తుకుపోరని నాన్న ఎంత చెప్పినా అమ్మ వినలేదు. అందరూ అలాగే అంటారు, పోయాక ఎవరూ ఉండరంది. నేను ఏడుపు మొహం పెట్టి నాన్న చేతిలోని ఇంగ్లీషు కరపత్రం లాక్కుని చదివాను. అందులో ఉంది నాకు కావలసిన మాట.

“అమ్మా, పైన గుడి ఉందంట.”

“గుడా?” అంది అమ్మ. “కొండ మీదా?”

“కోటలోనే. అన్నిటికన్నా పై అంతస్తులో.”

అమ్మ లేచి నిలబడింది. దేవుడి గుమ్మం దాకా వచ్చి దణ్ణం పెట్టుకోకుండా వెనక్కెళ్ళడం ఆవిడ వల్ల కాని పని. మఫ్లరు తీసి సంచి పిడిని బెంచీ కాలికి రెండు ముళ్ళేసి కట్టింది. బూట్లు కూడా అక్కడే విప్పేసింది, ఒకటి బెంచీకి ఈ చివర, రెండోది ఆ చివర. జత విడదీసి పెడితే దొంగ ముట్టుకోడని మన గుళ్ళ దగ్గర నేర్చుకున్న విద్య. నాన్న కడుపు పట్టుకుని నవ్వుతుంటే పట్టించుకోకుండా, ఏప్రిల్ చలిలో, గులకరాళ్ళ మీద ఉత్త కాళ్ళతో గబగబా నడిచింది. నేను వెనకాల పరుగు.

కోట గుమ్మంలో ఒకమ్మాయి అందరికీ తలో ప్లాస్టిక్ కవరు ఇస్తోంది, బూట్లు విప్పి అందులో పెట్టుకుని చేత్తో పట్టుకెళ్ళాలి. అమ్మ ఖాళీ చేతులు చూపించి, తర్వాత కాళ్ళు చూపించింది. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, ఏమీ తోచక వంగి నమస్కారం చేసింది. అమ్మ కూడా దణ్ణం పెట్టింది. మా చేతుల్లో కవర్లు చూసి మాత్రం, దేవుడి దగ్గరికి బూట్లు మోసుకొస్తారా అని మమ్మల్ని చెరిగేసింది.

లోపల పాత చెక్క వాసన, మేజోళ్ళలోంచి పాకే చల్లదనం, లక్షల పాదాలకి నున్నబడ్డ నేల. మెట్లు అటకెక్కే నిచ్చెనలా నిట్టనిలువుగా ఉన్నాయి. మూడో అంతస్తులో అమ్మ స్తంభం పట్టుకుని ఆయాసపడుతూ, అలవాటుగా అదే మాట అనేసింది, నేనిక్కడ ఉంటా, మీరు వెళ్ళి రండని. నేను ఒప్పుకోలేదు. నా కవరు నాన్నకిచ్చేసి, వెనక నిలబడి రెండు చేతులతో నెట్టాను. ఒక్కో మెట్టుకీ నెట్టాను. అమ్మ నవ్వుతోంది, తిడుతోంది, ఎక్కుతోంది.

పైకి వచ్చేశాం! అమ్మ ముందుగా నాన్న వైపు తిరిగి, “మీరు అక్కడే ఉండండి, బూట్ల దగ్గర,” అంది. నాన్న రెండు చేతుల్లో రెండు కవర్లు పట్టుకుని మెట్ల దగ్గరే ఆగిపోయారు. అమ్మ ఆ చిన్న గుడి ముందు కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత కిటికీ దగ్గరికి వచ్చింది. అలలు అలలుగా బూడిదరంగు పెంకుల కప్పులు, వాటి కొసల్లో తోకెత్తిన చేపలు, కింద గులాబీరంగు చెట్లు, తోటలు, ఊరు, బొమ్మంత రైలు, అవతల కొండలు. గాలి మొహానికి కొడుతోంది. నాకు ఆనందం పట్టలేక, అదిగో మన తోట, అటు చూడమని అరిచాను. అమ్మ అటు చూడలేదు.

“ప్రతిసారీ మీరు దిగి రాగానే అడిగేదాన్ని, పైనేముందే అని,” అంది. “ఏం లేదమ్మా, ఆకలేస్తోంది అనేదానివి. ఇదంతా ఉందా?”

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నాకు సిగ్గేసింది. పొట్లం విప్పుకునే తొందరలో ప్రతిసారీ అదే మాట అన్నాను, ప్రతి కోటకీ అన్నాను. అమ్మ మాత్రం సిబ్బంది వచ్చి వేళయిందని సైగ చేసేదాకా నాలుగు కిటికీలూ తిరుగుతూనే ఉంది. మేము తోటకి తిరిగి వచ్చేసరికి సంచి ఉన్నచోటే ఉంది. విడివిడిగా పెట్టిన బూట్లని ఎవరో జతగా చేర్చి, వేసుకోవడానికి వీలుగా తిప్పి మరీ పెట్టారు.

ఆ తర్వాత అమ్మ ఏ కోటలోనూ కింద బెంచీ మీద ఉండిపోలేదు. ఎర్ర సంచి చిరిగిపోయింది, పులిహోర పొట్లాల బదులు కోటల్లో ఉండే కేఫే శాండ్‌విచ్‌లు వచ్చాయి, నాన్నకి మోకాళ్ళు పట్టేశాయి. పోయిన నెల అమ్మావాళ్ళతో ఒక కోటకి వెళ్తే మా పాప ప్రామ్ బండిలో నిద్రపోయింది. నేను ఉంటాను, మీరు వెళ్ళి రండన్నాను. అరవై దాటిన అమ్మ ఒక్కతే ఎక్కి వెళ్ళింది. దిగి వచ్చి నా పక్కన కూర్చుని, నేను అడక్కముందే, మెట్లెన్నో, గాలి ఎటు నుంచి వీస్తోందో, ఏ కిటికీలోంచి గొర్రెలు కనిపిస్తాయో, గోడ మీద ఏ పక్షి గూడు పెట్టిందో అంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

వింటూ కూర్చున్నాను. నాకూ చెప్పాలనే ఉంది, ఎక్కిన కోటలన్నిటి గురించీ, ఒక్కటీ వదలకుండా. కానీ కింద బెంచీ మీద కూర్చుని పైనేముందే అని అడిగే అమ్మ ఇప్పుడు లేదు; నా పక్కనున్నది అన్నీ తనే ఎక్కి చూసొచ్చిన అమ్మ.