అందరూ ఒప్పుకునే నౌక

సోమసుందరం గారు రాసే అంతరిక్ష కథల్లో నౌక కూలిపోతున్నా ఎవరూ ఎవరికీ ఎదురు చెప్పరు. ఏలూరులోని మా ప్రైవేటు స్కూల్లో ఆయన ఫిజిక్స్ చెబుతారు, నేను తెలుగు. ఇరవై రెండేళ్లుగా ఉంగుటూరు నుంచి బస్సులో వస్తున్నారు. భోజనాల వేళ స్టాఫ్ రూములో నా పక్క కుర్చీలో కూర్చుని కథలు రాసుకుంటారు. మనిషి ఎంత మెత్తనంటే, అల్లరి చేసే పిల్లల్ని కూడా "ఏవండీ" అని పిలిచి మందలిస్తారు.

జూన్‌లో తాడేపల్లిగూడెం నుంచి వచ్చే ఒక పత్రిక ఆయన కథను తిప్పి పంపింది. సంపాదకుడు ఒకే వాక్యం రాశాడు: "గాలి ఐదుగురికే సరిపోయే నౌకలో ఆరుగురున్నారు, ఒక్కరికైనా అభిప్రాయభేదం రాలేదా?"

కథ చదివి పడీపడీ నవ్వాను. ఆరో మనిషిని బయటికి పంపేద్దామంటాడు కెప్టెన్. గాలి పంపు బాగుచేస్తే అందరూ బతుకుతారని ఇంజనీరుకు తెలుసు. అయినా ఏమంటాడు? "మీరు ఆలోచించే చెప్పుంటారు కదండీ, అలాగే చేద్దామండీ." డాక్టరూ అంతే. ఆ ఆరో మనిషి కూడా, పాపం, "నాదేముందండీ" అంటూ తలుపు దగ్గరికి నడుస్తాడు.

"ఇది అంతరిక్షం కాదండీ, మన స్టాఫ్ మీటింగు" అన్నాను.

"మరేం చేయమంటారండీ?"

"ఆ ఇంజనీరు చేత 'నేను ఒప్పుకోను' అనిపించండి."

నాలుగు నెలలు తంటాలు పడ్డారు. ఆ మాట రాయడం, కొట్టేయడం, "ఒప్పుకోవడం కొంచెం కష్టమేమోనండీ" అని మార్చడం. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు కాగితం లాక్కుని నేనే రాసిచ్చాను. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇలా అన్నాక ఆ మనిషి అదే నౌకలో, రోజూ కెప్టెన్ ఎదురుగా ఎలా కూర్చుంటాడండీ?"

"ధైర్యం ఉంటే కూర్చుంటాడు" అనేశాను.

నవంబరులో పదో తరగతి పబ్లిక్ పరీక్షకు పంపే పేర్ల జాబితా తయారైంది. ప్రిన్సిపాల్ జ్ఞానప్రసూనాంబ గారు మమ్మల్నందరినీ పిలిచి, స్పందన పేరు తీసేద్దామన్నారు. స్పందనది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. తండ్రికి చేపల చెరువు మీద పని. చేపలు పట్టే రోజుల్లో పిల్ల కూడా బడి మానేసి సాయం వెళుతుంది. క్వార్టర్లీ లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చాయి, ఇంకో నాలుగొస్తే పాస్. క్లాస్ టీచరు సోమసుందరం గారే. సాయంత్రం బస్సు వదులుకుని ఆ పిల్లకు లెక్కలు చెబుతున్నదీ ఆయనే.

"ఈసారి నూటికి నూరు శాతం పాస్ అని బోర్డు పెట్టుకోవాలండీ. ఆ అమ్మాయి వచ్చే ఏడు రాస్తుంది లెండి. ఏమంటారు?" అన్నారు ప్రిన్సిపాల్.

వరసగా అందరూ తలలూపారు. జాబితా క్లాస్ టీచరు సంతకానికి వచ్చింది. సోమసుందరం గారు పెన్నుకు మూత పెట్టేశారు.

"నేను ఒప్పుకోనండీ" అన్నారు. "నాలుగు మార్కులకి ఏడాది లాగేసుకుంటామాండీ? ఆ పిల్లని నేను పాస్ చేయిస్తానండీ."

నాకు గర్వంతో కళ్లు చెమర్చాయి. ప్రిన్సిపాల్ కోప్పడనైనా లేదు. "మీకు పని ఎక్కువైనట్టుందండీ" అని మెత్తగా అని, కాగితం నా ముందుకు జరిపారు. "రత్నమాల గారూ, ఇవాళ్టి నుంచి పదో తరగతి మీరు చూసుకోండి."

నోరు తెరిచాను, నిజంగానే తెరిచాను. యాభై రెండేళ్ల టీచరుకు ఇంకో స్కూలు ఎవరిస్తారు, ఆయన మాట ఎలాగూ చెల్లలేదు కదా: ఇవన్నీ తర్వాత పోగేసుకున్న కారణాలు. ఆ క్షణాన నాకు భయం వేసింది, అంతే. సంతకం పెట్టాను.

మర్నాడు కూడా సోమసుందరం గారు నా పక్కనే కూర్చుని టిఫిన్ డబ్బా విప్పారు. తిట్టినా బాగుండేది. లేచి ఇంకో చోట కూర్చుందామంటే ఆ గదిలో నాకున్నది ఆ ఒక్క కుర్చీ.

పేరు తీసేసిన సంగతి స్పందనకు చెప్పాల్సింది ఇప్పుడు క్లాస్ టీచరైన నేనే. వారం గడిచినా చెప్పలేదు. ఈలోగా ఆ పిల్లే స్టాఫ్ రూముకు వచ్చింది. అలవాటు కొద్దీ ఆయన వైపు నడిచి, గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగింది.

"మేడమ్, హాల్ టికెట్టుకి ఏ ఫోటో ఇమ్మంటారండీ?"

కొత్తగా తీయించుకున్న రెండు ఫోటోలు నా బల్ల మీద పరిచి, ఏది బాగుందో చెప్పమని నిలబడింది.