ప్రోగ్రాములకు రేషన్ పెట్టిన మా తమ్ముడు

మా ఊరి బడిలో ఐదో తరగతి దాటని నేను పెద్దాసుపత్రి కరెంటు విభాగంలో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. ఆ భవనం గోడల్లోని ప్రతి తీగా నా చేతిమీదుగా పోయిందే. నా హయాంలో ఆపరేషన్ గది దీపం ఒక్కసారి కూడా ఆరలేదు. తమ్ముడికి కంప్యూటరు చదువు చెప్పించిందీ, అదే ఆసుపత్రిలో కంప్యూటర్ల గది చూసుకునే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించిందీ నేనే. డప్పు కొట్టుకుంటున్నానని అంటారేమో. కొట్టుకోదగ్గ డప్పే. అయితే ఇక్కడ రాయవలసింది వాడి గురించి.

ఆసుపత్రిలో వాణ్ణి సొంత పేరుతో ఎవరూ పిలవలేదు. అందరికీ వాడు 'రేషన్'. యంత్రం ఒకటే, దాని మీద నడిచే ప్రోగ్రాములు బోలెడు. ఎక్స్‌రే బొమ్మలు తెరిచేదొకటి, రక్తపరీక్షల ఫలితాలు పంపేదొకటి, మందుల గదిదొకటి. ఏ ఒక్కటి బరితెగించినా మిగతావన్నీ కొయ్యబారిపోయేవి. తమ్ముడు ఒక్కోదానికీ ఇంతకుమించి ప్రాసెసరును, అంటే యంత్రం మెదడును, వాడకూడదని హద్దు కట్టాడు.

"మెదడు ఒక్కటే అన్నయ్యా, తినేవాళ్ళు పదిమంది. ఒకడే గిన్నె మీద పడితే మిగతావాళ్ళు పస్తే" అనేవాడు.

ఎక్స్‌రే డాక్టరు తలుపులోంచి తొంగిచూసి, "రేషన్‌గారూ, ఇవాళ మాకు కాస్త మొగ్గుగా తూచండి!" అనేవాడట.

"కార్డు తెచ్చారా డాక్టరుగారూ?" అనేవాడట మావాడు.

వార్డులో ప్రతి మంచం పక్కనా నాడి, ఊపిరి చూసే పరికరం ఉంటుంది. రోగికి ప్రాణం మీదికి వస్తే అది యంత్రానికి కబురు పంపుతుంది. యంత్రంలోని ఒక ప్రోగ్రాము ఆ కబురు అందుకుని నర్సు బల్ల మీద గంట మోగిస్తుంది. ఆ గంట ప్రోగ్రాములో ఏదో లోపం ఉంది. అప్పుడప్పుడూ పని లేకపోయినా ప్రాసెసరునంతా ఆక్రమించేది. ఒకసారి దానివల్ల ఆసుపత్రి మొత్తం స్తంభించింది. తమ్ముడు దానికీ హద్దు కట్టాడు, చాలా తక్కువలో. గంటలు ఎప్పటిలాగే మోగాయి, యంత్రం మళ్ళీ ఆగలేదు. సూపరింటెండెంటు అందరిముందూ వాడి భుజం తట్టాడు. ఆ ముక్క నేను మా వీధంతా చెప్పాను.

ఒక మధ్యాహ్నం కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. కంప్యూటరు బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది గానీ, వార్డులో పరికరాలన్నీ ఒక్కసారే ఆగి, ఒక్కసారే లేచి, అన్నీ కలిసి కబుర్లు పంపాయి. వాటిలో నిజంగా ఆపదలో ఉన్నవాడు ఒక్కడే, చివరి మంచం మీది దర్జీ. భార్య మందులకోసం కిందికి వెళ్ళింది. ఆమె వచ్చేసరికి మనిషి చల్లబడ్డాడు. గంట ఆ తరువాత మోగింది.

నేరం వార్డు సిస్టరమ్మ మీద పడింది. గంట మోగినా కదల్లేదన్నారు.

"మోగితే వినకపోవడానికి నాకేం చెవుడా?" అని ఆమె మొత్తుకుంది. విన్నవాళ్ళు లేరు. విధుల్లోంచి తప్పించారు. పోలీసు కేసు పెడతామన్నారు.

తమ్ముడికి మనసొప్పలేదు. మరమ్మతుకని ఖాళీ చేసిన వార్డులో పరికరాలన్నిటినీ ఒకేసారి ఆపి వెలిగించాడు. చాలాసేపటిదాకా గంట మోగలేదు. యంత్రం ఎంత పనిచేస్తోందో చూపే ముల్లు తెర మీద అడుగునే ఉంది. ప్రాసెసరు దాదాపు ఖాళీగా కూర్చుంది. గంట ప్రోగ్రాము మాత్రం తన కొద్దిపాటి వంతులోనే, ఒక్కో కబురూ విప్పుకుంటూ కుంటింది. ఎవరూ తినకపోయినా దానికి అంతకుమించి పెట్టవద్దని వాడే కట్టడి చేశాడు.

ఇంటికొచ్చి ఇదంతా మా ఇద్దరికీ చెప్పాడు, నాకూ మరదలికీ.

"మిమ్మల్ని ఎవరైనా అడిగారా?" అంది మరదలు.

"లేదు."

"అడగనిదానికి జవాబెందుకు? యంత్రం పాతది, ఆగిపోయిందంటే సరిపోదూ?"

"అలా చెప్తే సిస్టరమ్మ బయటపడదు. యంత్రం బాగానే ఉందని విచారణవాళ్ళే రాసుకున్నారు."

నేను కలగజేసుకున్నాను. "పోయి చెప్పు. మన ఇంటి పరువు ఉద్యోగంలో లేదు."

మరదలు నావైపు తిరిగింది. "పరువు వండితే ఉడుకుతుందా బావగారూ? మీకు పింఛను ఉంది. మాట్లాడతారు."

అయినా మర్నాడు వాణ్ణి విచారణ గది తలుపుదాకా తీసుకెళ్ళింది నేనే. బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు ఓరగా తీసి ఉంది.

"యంత్రం మీద భారం ఎక్కువైందా?" అని అడిగాడు సూపరింటెండెంటు. తప్పించుకునే దారి చూపిస్తున్నాడని నాకే అర్థమైంది.

"లేదండీ. ఖాళీగానే ఉంది. గంటకి హద్దు పెట్టింది నేను. సిస్టరమ్మ తప్పు లేదు."

దర్జీ భార్య కూడా ఆ గదిలోనే ఉంది. "అంటే ఆ టైములో యంత్రానికి తీరిక ఉందా బాబూ?" అంది.

"ఉందమ్మా."

"తీరికుండీ..." అని ఆగిపోయింది.

సిస్టరమ్మను తిరిగి పనిలోకి తీసుకున్నారు. తమ్ముణ్ణి తీసేశారు. ఇంకెక్కడా కంప్యూటరు పని దొరకలేదు. వాడిప్పుడు ఒక గిడ్డంగిలో పెట్టెలకు చీటీలు అంటిస్తున్నాడు. మరదలు నాతో మాట్లాడటం మానేసింది. సిస్టరమ్మ ఒకసారి బజారులో ఎదురైతే తమ్ముడు నమస్కారం పెట్టాడు. ఆమె కూడా పెట్టి, సంచీ చేయి మార్చుకుని వెళ్ళిపోయింది.

మొన్న వాడికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. వాడి చోట కొత్తగా చేరినావిడ. నేను పక్కనే ఉన్నాను, ఆమె గొంతు నాకూ వినిపిస్తోంది.

"సార్, గంట ప్రోగ్రాము మళ్ళీ యంత్రాన్నంతా మింగేస్తోంది. హద్దు ఎంత పెట్టమంటారు?"

"దానికి పెట్టకమ్మా. మిగతావాటికి పెట్టు. అది అడిగితే అన్నీ పక్కకి తప్పుకోవాలి. దాని లోపం ఏమిటో తయారుచేసినవాళ్ళచేత సరిచేయించు. అందాకా దాన్ని కనిపెట్టుకుని ఉండు, బరితెగిస్తే ఆపి మళ్ళీ వెలిగించు." ఇలా చాలాసేపు ఓపిగ్గా చెప్పాడు. ఆమె అన్నీ రాసుకుంటున్నట్టుంది.

"అర్థమైంది సార్. మరి మీరు దానికెందుకు పెట్టారు?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. తమ్ముడు ఫోను చెవి దగ్గరే ఉంచుకున్నాడు. అవతల ఆమె "సార్... సార్, వినిపిస్తోందా?" అంటూనే ఉంది. చివరికి నేనే వాడి చేతిలోంచి ఫోను తీసుకుని పెట్టేశాను.