మామా నేనూ తిమింగలం చూసిన రోజు

మధ్యాహ్నం అన్నం తిన్నాక మా మామ మంచం మీద గోడకు చేరబడి ఫోనులో తిమింగలాలను చూసేవాడు. శబ్దం పెట్టుకునేవాడు కాదు. రైల్వే వర్క్‌షాపు కమ్మరి పనిలో, పెద్ద సుత్తి పక్కన ముప్పై ఎనిమిదేళ్ళు నిలబడ్డ మనిషి. రిటైరయ్యేనాటికే సగం చెముడు. డెబ్బై దాటాక కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప మాట అందేది కాదు. చెవి మిషను కొనిపెట్టాను. లోపల ఈగలు ముసురుతున్నట్టుందని రెండో రోజే తీసి సబ్బుపెట్టెలో పడేశాడు.

ఆయన కొడుకు, అంటే నా భర్త, పోయి పన్నెండేళ్ళు. నా భర్త చేసే ఉద్యోగం నాకిచ్చారు. అదే వర్క్‌షాపులో వేగన్లు రిపేరు చేసే చోట పనిచేస్తున్నాను. మాకు పిల్లలు కలగలేదు. ఖరగ్‌పూర్‌లో, నిమ్‌పురా రైల్వే క్వార్టర్లో మామా నేనూ ఉంటాం.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి టిఫిన్ డబ్బా కడుక్కుంటుంటే మామ వచ్చి ఫోను నా మొహానికి అడ్డం పెట్టాడు. నీళ్ళలోంచి ఒక నల్లటి వీపు లేచి, ఎంతసేపటికీ అయిపోకుండా సాగి, మళ్ళీ మునిగిపోయింది.

“ఇది నిజంగా ఉంటాదా, నేపోతే కంప్యూటర్ల సేసినారా?”

“ఉంటాది మావా” అని చెవి దగ్గర అరిచాను.

“నువ్వు సూసినావా?”

“నానెక్కడ సూస్తాను?”

“మరెలగ తెలుసు నీకు?”

గిన్నె తోముతూనే ఉన్నాను. పన్నెండేళ్ళలో జ్వరాలకూ చావులకూ తప్ప సెలవు పెట్టలేదన్న సంగతి ఎందుకో అప్పుడే తోచింది.

అండమాన్ పక్క సముద్రంలో అప్పుడప్పుడూ అవి కనపడతాయని మా వర్క్‌షాపులో ఒక బెంగాలీ దాదా చెప్పాడు. కళ్ళకు అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద బోర్లా తేలుతూ కింద పగడాలను కూడా చూడొచ్చన్నాడు. ఈత రాకపోయినా ఒంటికి లైఫ్ జాకెట్టు కడితే చాలట. మామకు చెబితే వద్దనేస్తాడనుకున్నాను. ఆయన గొట్టం ఎప్పుడొస్తుందని అడిగాడు.

ఆన్‌లైన్లో రెండు జతలు తెప్పించాను. పెరట్లో నీళ్ళు పట్టుకునే నీలం డ్రమ్ము ఉంది. మామ బనీనుతోనే వంగి తలకాయ మొత్తం అందులో ముంచేశాడు. గొట్టం చివర మాత్రం పైకి నిలబడి ఫుస్సు ఫుస్సుమంటోంది. ఎంతసేపటికీ లేవకపోతే భయమేసి బనీను పట్టుకుని లాగాను. గోడ అవతలి నుంచి పక్కింటి దీదీ తొంగిచూసి, తాతకేమైందని కేకేసింది, “ఓ దీదీ, దాదూర్ కీ హొలో?”

“కిచ్ఛూ నా దీదీ, షిఖ్ఛే” అన్నాను. ఏం లేదు, నేర్చుకుంటున్నాడని.

ఆయనకు వచ్చింది గానీ నాకు రాలేదు. మొహం నీళ్ళలో పెట్టగానే ముక్కుతో పీల్చబోయేదాన్ని, ఊపిరాడక దగ్గేదాన్ని. “నోటితో పీల్సమ్మా, నోటితో” అని మామ నా కంటే గట్టిగా అరిచేవాడు.

కోల్‌కతా దాకా లోకల్ రైలు, అక్కణ్ణుంచి విమానం. పోర్ట్‌బ్లెయిర్‌లో దిగిన మర్నాడు జెట్టీ దగ్గర టూరు పడవల వాళ్ళ బల్ల ముందు నిలబడ్డాం. వాళ్ళు మామ వయసు అడిగారు, తర్వాత ఏదో ప్రశ్న వేశారు. ఆయన నా వైపు చూశాడు. పిలిస్తే వినపడని మనిషిని పదిమందితో కలిపి నీళ్ళలో దింపలేమని చెప్పేశారు. మర్యాదగానే చెప్పారు. తప్పు పట్టడానికీ లేదు.

“ఇప్పుడేటి సేద్దాం మావా?” అని ఎప్పటిలాగే చెవి దగ్గర అరిచాను. జెట్టీ అంతా వినపడి ఉంటుంది. కింద పడవలో తాడు చుట్టుకుంటున్న ఒకాయన తలెత్తాడు. యాభై ఏళ్ళుంటాయేమో, ఎండకు మాడిన మొహం.

“మీదే ఊరమ్మా?”

“ఖరగ్‌పూర్.”

“అది కాదు, అసలూరు?”

శ్రీకాకుళం అవతల సముద్రం పక్క పల్లె అని, మామ తండ్రి అక్కణ్ణుంచే రైల్వే పనికి వచ్చేశాడని చెప్పాను. ఆయన తాడు వదిలేసి మెట్లెక్కి పైకి వచ్చాడు. వాళ్ళదీ ఆ పక్కేనట. వాళ్ళ తాత ఓడెక్కి ఇటు వచ్చాడట. మామ కళ్ళలోకి చూస్తూ, పెదాలు కదిలేది తెలిసేలా నెమ్మదిగా అడిగాడు, “తాతా, నా డుంగీల ఎల్దామా? మనం ముగ్గురిమే.”

డుంగీ అంటే అక్కడి కర్ర పడవ. చిన్న ఇంజను, ఎండకు గుడ్డ కప్పు. మామ వంగి దాని అంచు చెక్కను వేళ్ళతో తట్టి చూసి తల ఊపాడు.

“ముందు లోతు తక్కువ కాడ దించుతాను. నీళ్ళల్ల నేనూ ఉంటాను” అన్నాడు పడవాయన నాతో. “ఆ తరవాత లోతు పక్కకెల్దాం. తిమింగలం మాత్రం నా సేతుల నేదమ్మా. అగుపడితే అగుపడతాది. నేపోతే నేదు.”

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. మనుషులు లేని ఒక చిన్న ద్వీపం పక్కన లంగరు వేశాడు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, పడవ నీడ కింద ఇసుక మీద పడి మేం గాలిలో వేలాడుతున్నట్టు అనిపించింది. జాకెట్లు కట్టాడు. పొడుగు తాడుతో ఒక రబ్బరు చక్రం వేసి, మా ఇద్దరినీ చెరో పక్క పట్టుకోమన్నాడు. మామ మెట్టు మెట్టుగా దిగి, డ్రమ్ములో ముంచినట్టే మొహం ముంచాడు. నేనూ ముంచాను.

కింద ఏముందో చూడకముందే గొట్టంలోకి నీళ్ళు వచ్చాయి. ఉప్పు గొంతులో పడింది. పైకి కిందికి తెలియలేదు. చక్రం వదిలేశాను. చేతులు కొట్టుకుంటున్నాను. పడవాయన ఈదుకుంటూ రాబోతున్నాడు గానీ, అంతకుముందే నా మణికట్టును ఒక చేయి గట్టిగా పట్టుకుంది. మామది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఆయన నా చేయి పట్టుకోవడం అదే మొదటిసారి. లాగి చక్రం మీద పెట్టి, అద్దం వెనక నుంచి నా కళ్ళలోకి చూసి, అరచేయి కిందికి వాల్చి రెండుసార్లు ఆడించాడు.

ఆ సైగ నాకు తెలుసు. సుత్తి దెబ్బల మధ్య మాట వినపడదు కాబట్టి కమ్మరి షాపులో వాళ్ళంతా చేతులతోనే మాట్లాడుకునేవారట. అరచేయి వాల్చి ఆడిస్తే నెమ్మది. పిడికిలి చూపిస్తే పట్టుకో, వదలకు. చెవులు పోయాక ఆయన ఆ సైగలనే ఇంటికి తెచ్చుకున్నాడు. అన్నం చాలనడానికీ, గేటు వేయమనడానికీ అవే. నెమ్మది అన్నాడు. తర్వాత పిడికిలి చూపించాడు. నోటితో ఊపిరి పీల్చాను. వదిలాను. మళ్ళీ పీల్చాను. మామ వేలితో కిందికి చూపించాడు.

చూశాను.

ఎలా చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు. కొమ్మలు కొమ్మలుగా, గొడుగుల్లా, మనిషి మెదడులా మడతలు పడ్డ పగడాలు. వాటి మీద వెలుతురు వలలా కదులుతోంది. పళ్ళెమంత ఆల్చిప్ప ఒకటి తెరుచుకుని ఉంది, దాని అంచులు నెమలి కంఠం రంగు. ఆకుపచ్చ చేపలు మూతులతో రాళ్ళను కొరుకుతున్నాయి. అంతటా చిటపటమని ఒకటే చప్పుడు, ఖరగ్‌పూర్ ఇందా బజారులో వేడి ఇసుకలో మరమరాలు వేయిస్తున్నట్టు. వేలకొద్దీ చిన్న చేపలు ఒక మబ్బులా వచ్చి మమ్మల్ని రెండుగా చీలి దాటిపోయాయి. ఒక్కటి కూడా మాకు తగల్లేదు. వాటి మధ్య నేను ఉన్నాననీ, బతికే ఉన్నాననీ, భయం పోయిందనీ ఒకేసారి తెలిసింది.

మామ సైగలు చేస్తూనే ఉన్నాడు. అటు చూడు. ఆగు. ఇంకా కిందకి. నేను జవాబిస్తున్నాను. ఆయనతో ఇంత సేపు, ఇంత హాయిగా, అరవకుండా మాట్లాడి ఎన్నేళ్ళయిందో. పడవలోకి ఎక్కాక పడవాయన తల తుడుచుకుంటూ అడిగాడు.

“తాతకి ఇదివరకు అలవాటుందేటి?”

“ఎప్పుడూ నేదు.”

“నీళ్ళల్ల మనమందరం సెవిటోళ్ళమే గదమ్మా. ఈయన మన కంటె బాగున్నాడు.”

పడవాయన భార్య కట్టిచ్చిన అన్నం, ఎండుచేపల వేపుడు ముగ్గురం తిన్నాం. తర్వాత ద్వీపాన్ని చుట్టి అవతలి పక్కకు వెళ్ళాం. అక్కడ సముద్రం రంగే వేరు. అడుగు కనపడదు. సిరాలా చిక్కటి నీలం. పడవాయన ఇంజను ఆపేశాడు.

ఎదురుచూశాం. ఎండ నెత్తికెక్కింది. ప్రతి కెరటమూ వీపులాగే కనపడేది నాకు. రెండుసార్లు “అదిగో” అన్నాను, రెండుసార్లూ కాదు. చాలాసేపటికి పడవాయన ఇంజను తాడు చేతిలోకి తీసుకుని, ఇక వెళ్దామా అన్నట్టు నా వైపు చూశాడు. మామ పిడికిలి ఎత్తాడు.

“అటు నీళ్ళు సూడండి. నున్నగైపోనాయి.”

చిన్న చిన్న అలలతో గరగరలాడుతున్న సముద్రంలో, ఒకచోట మాత్రం, ఒక గది వైశాల్యంలో, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కాస్త ఇవతల అలాంటిదే ఇంకొకటి పుడుతోంది.

“కింద ఏదో పెద్దది కదిలితే పైన అలగవుతాది. మా కమ్మరి షాపుల నూనె తొట్టిల పెద్ద ఇనుము తిప్పితే ఇలగే అవుతాది” అన్నాడు మామ.

పడవాయన తాడు మెల్లగా కింద పెట్టాడు.

ముందు ఊపిరి వచ్చింది. పడవకు పది బారల దూరంలో నీళ్ళు పగిలి, తెల్లటి ఆవిరి మనిషి కంటే ఎత్తుకు లేచింది. ఆ చప్పుడు చెవికి కాదు, ముందు ఛాతీకి తగిలింది. చేపల కంపు కొడుతూ సన్నటి తుంపర మా మొహాల మీద పడింది. ఆ వెనక వీపు వచ్చింది. నల్లగా, తడి ఇనుములా మెరుస్తూ వచ్చింది, వస్తూనే ఉంది. ఇక తోక వస్తుందనుకున్నాను, రాలేదు. ఇంకా వీపే. చివరికి కొడవలిలా వంగిన చిన్న రెక్క ఒకటి కనపడి, తీరిగ్గా, ఏ తొందరా లేకుండా మునిగింది.

మామ నా వైపు తిరిగాడు.

“ఇనపడినాది” అన్నాడు.

“ఏటి మావా?”

“దాని ఊపిరి.” అరచేయి రొమ్ము మీద పెట్టుకున్నాడు. “ఇక్కడ.”

ఇంతలో పడవ కింద నీళ్ళు నల్లబడ్డాయి. అది మా కిందికి వచ్చింది. వంగి చూశాను. ఒక పక్కకు ఒరిగి వెళ్తోంది. చారలు చారలుగా తెల్లటి గొంతు, దాని పైన ఒక కన్ను. అది మమ్మల్ని చూసిందో లేదో నేను చెప్పలేను. పడవ ఉయ్యాలలా ఒక్కసారి లేచి దిగింది. అది తలుచుకుంటే మేము ఏమవుతామో నాకు తెలుసు. అయినా భయం రాలేదు. భయం కంటే పెద్దదేదో వచ్చి ఆ చోటంతా ఆక్రమించింది. పడవాయన “గంగమ్మ తల్లీ” అని చేతులు జోడించాడు. మామ మాత్రం పడవ అంచు మీంచి చేయి చాచి, అరచేయి వాల్చి ఆడిస్తున్నాడు. నెమ్మది, నెమ్మది. ఆ మాట నాతో అన్నాడో, దానితో అన్నాడో.

అవతలి పక్క తేలి మూడుసార్లు ఊపిరి వదిలింది. ప్రతిసారీ మామ గడ్డం కొంచెం పైకి లేచేది. తర్వాత వీపు ఎత్తుగా వంచి లోతుకు దిగిపోయింది. మళ్ళీ రాలేదు. ఫోను నా సంచిలోనే ఉండిపోయింది. దాని మాటే ఎవరికీ గుర్తు రాలేదు.

తిరిగి వస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు, దుఃఖం కాదు. మామ చూశాడు. మళ్ళీ సముద్రం వైపు తిరిగి అన్నాడు.

“బొగ్గు వేగను కంటె పొడుగే.”

నేను మొహం తుడుచుకున్నాను. రోజూ ఆ వేగన్ల కిందే కదా నా పని. “అవును మావా” అని అరిచాను. “ఈ కొస కప్లర్ కాడ నుంచి ఆ కొస కప్లర్ దాకా పెట్టినా సాలదు.”

“సాలదు” అన్నాడు తృప్తిగా.

ఖరగ్‌పూర్ వచ్చిన ఆదివారం ఇద్దరం కూరగాయలకు బజారుకు వెళ్ళాం. టీ కొట్టు దగ్గర ఆయనతో పనిచేసిన ముసలివాళ్ళు నలుగురు కూర్చుని ఉన్నారు. తిమింగలం సంగతి చెబితే ఫోటో చూపించమన్నారు. లేదన్నాను. ఒకాయన నవ్వి, “డాల్ఫిన్ అయ్యుంటాది, సిన్నదే” అన్నాడు. ఆ మాట మామకు ఎలా అందిందో నాకు తెలియదు, బహుశా ఆ ముసలాయన చేతులతో చూపించిన కొలత చూసి ఉంటాడు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

“నువ్విక్కడే నిల్సోమ్మా. ఇది తోక” అన్నాడు నాతో.

తర్వాత రోడ్డు మీద నడవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క అడుగు కొలిచి వేస్తూ, టైరు పంచర్ల కొట్టు దాటి, అరటిపళ్ళ బండి దాటి, మంగలి షాపు దాకా వెళ్ళి, అక్కడ ఇటు తిరిగి నిలబడి చేయి పైకెత్తాడు. మా ఇద్దరికీ అటూ ఇటూ ఆటోలు ఆగిపోయాయి. ఒకడు హారన్ కొడుతున్నాడు, “ఓ దాదూ, షొరో” అంటూ పక్కకు తప్పుకోమని అరుస్తున్నాడు. మామకు వినపడటం లేదు. టీ కొట్టు దగ్గర ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు. ఆయన వైపోసారి, నా వైపోసారి, మధ్యలో ఖాళీగా ఉన్న రోడ్డు వైపోసారి చూస్తున్నారు. అరటిపళ్ళావిడ కూడా చూస్తోంది. నేను చేతిలో కూరగాయల సంచితో, నిలబడమన్న చోట కదలకుండా నిలబడ్డాను.