తెల్లకుక్క ఉపాయం

మా లుక్యాన్ తాత బొమ్మ వేశాడంటే, అందులోని మనిషికి పోలీసులు పాస్‌పోర్టు ఇవ్వాల్సిందే. మా ఇవానొవో ఊరంతటా ఈ మాట పుట్టించింది నేనే. తాతకు మాత్రం గోడల మీద కూడా నమ్మకం లేదు. తలుపు చప్పుడైతే బొమ్మ మీద దుప్పటి కప్పేసి, వచ్చినవాడి ముఖం కాక బూట్లు చూసేవాడు. బూట్లు మెరిస్తే మాట తగ్గించేవాడు. ప్రతి బొమ్మలోనూ ఓ మూల అక్కర్లేని తెల్లకుక్కను వేసేవాడు. బొమ్మలకు అనుమతి ఇచ్చే సర్కారు తనిఖీ సంఘం కుక్క ఎందుకని అడిగేది, ఈయన కాసేపు వాదించి తీసేసేవాడు, ఏదో దిద్దామన్న తృప్తితో వాళ్ళు ముద్ర వేసి వెళ్ళేవారు. మిగతా బొమ్మ బతికిపోయేది.

ఒకసారి బట్టల మిల్లు హాలు కోసం పక్కగదిలో ఉండే మార్ఫా పిన్నిని వేశాడు. ఆమె నేతపని చేసేది. షిఫ్టు దిగివచ్చిన కళ్ళను ఉన్నవి ఉన్నట్టు దించాడు. "ఇన్నాళ్ళకి నన్ను నేను చూసుకున్నాను. మార్చకు బాబాయ్," అంది పిన్ని.

ఈసారి తనిఖీకి సంఘం కొత్త పెద్ద ద్రోబిషెవ్ వచ్చాడు. "కుక్క ముద్దుగా ఉంది, ఉండనీ. ఈవిడకేమిటి ఆ ఏడుపు ముఖం? మన దేశంలో నేతగత్తెలు అలిసిపోతారా, కామ్రేడ్?"

"కుక్కే తప్పండీ, తీసేస్తాను," అన్నాడు తాత ఆశగా.

"కుక్క జోలికి పోకు. ఈవిణ్ణి నవ్వించు."

తాత నవ్వించాడు. ముద్ర పడింది.

"నువ్వు లొంగలేదని రాస్తాలే తాతా," అన్నాను మొన్న, ఈ కథ మొదలుపెడుతూ.

"నువ్వు చదివింది అయిదు క్లాసులు, నేర్చింది అబద్ధాలా? లొంగాను. మార్ఫా మళ్ళీ మన గడప తొక్కలేదు. అదీ రాయి."